మందు పెట్టారంటే ఏం పెట్టినట్టు?

సందేహం: పిల్లల కోసం ఒక విదేశీ కథను తెలుగు చేస్తున్నాను. అందులో మంత్రగత్తె ఏదో తాగించగానే రాకుమారుడు ఆమె వెంట పడిపోతాడు. ఆ 'పోషన్'ను 'మాయా పానీయం' అని రాశాను. మా అమ్మ చదివి, "మందు పెట్టింది అనరాదూ!" అంది. మందు అంటే ఈ కాలం పిల్లలు సారా అనుకోరా?

సమాధానం: అనుకోరండీ. 'పానీయం' అంటే మాత్రం కూల్‌డ్రింక్ సీసా గుర్తొస్తుంది. మీ అమ్మగారు చెప్పిన మాటలో ప్రాణం ఉంది.

'మందు' ఒక్కటే నిలబడితే ఏ మందో తెలియదు. పక్కనున్న క్రియ, ముందున్న 'కు' లేదా 'కి' చేరిన మాట కలిసి తేల్చేస్తాయి. "మందు కొట్టి వచ్చాడు" అంటే తాగి వచ్చాడని. "చేనుకు మందు కొట్టి వచ్చాడు" అంటే పురుగుమందు చల్లాడని. అలాగే "పుండుకు మందు పెట్టింది" అంటే వైద్యం. "మొగుడికి మందు పెట్టింది" అంటే వశం చేసుకుందని నింద. కన్నడం వాళ్లు 'మద్దు', తమిళులు 'మరుందు' అనేవి మన మందుకు తోబుట్టువులే. ఆ భాషల్లోనూ ఇలా మందు పెట్టడం ఉంది.

ఇక 'పెట్టు' సంగతి. అన్నం పెట్టు, ముద్ద పెట్టు అంటామే, ఆ పెట్టడమే ఇది. తినేవాడికి తెలియకుండా కూరలోనో పెరుగన్నంలోనో కలిపి పెట్టేది కాబట్టి జనం నోట 'పెట్టుడు మందు' అయింది. మనసు మళ్లిస్తుంది కనుక మరులు మందు అనీ అనవచ్చు.

ఈ అనుమానం చాలా పాతది. భారతం అరణ్యపర్వంలో, భర్తలు నీ మాట వింటున్నారంటే వ్రతమా, మంత్రమా, మందా అని సత్యభామ ద్రౌపదిని అడుగుతుంది. ద్రౌపది ఊరుకోదు. భార్య అలాంటి పని చేస్తోందని తెలిస్తే, ఇంట్లో పాము దూరినట్టు భర్త బెదిరిపోతాడంటుంది. ఆ మందుల వల్ల జలోదరం, కుష్ఠు వచ్చినవాళ్లూ, గుడ్డివాళ్లూ చెవిటివాళ్లూ అయినవాళ్లూ ఉన్నారని కూడా చెబుతుంది. కొడుకు కోడలి మాట వింటే చాలు, "ఏం మందు పెట్టిందో" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట పడ్డ ఆడపిల్ల ఎంత నలిగిపోతుందో! కథలో సరే, ఇంట్లో అనకండి.

అయితే మీ రాకుమారుడు తిన్నాడా, తాగాడా? తాగాడు కదా. అక్కడ 'పెట్టింది' కన్నా 'పసరు తాగించింది' బాగా అతుకుతుంది. పసరంటే ఆకు నలిపి పిండిన పచ్చని రసం. మన పల్లెకథల్లో మనిషిని చిలకను చేసేదీ, మళ్లీ మనిషిని చేసేదీ ఆ పసరే. చావు లేకుండా చేసేదైతే అమృతం అనాలి, ఇక్కడ దానితో పని లేదు.

నేనైతే ఇలా రాస్తాను: "మంత్రగత్తె గిన్నెడు పాలలో పసరు పిండి ఇచ్చింది. గుక్క దిగిందో లేదో, రాకుమారుడు ఆమె కొంగు పట్టుకున్నాడు." తర్వాతి పేజీలో మంత్రి తల పట్టుకుని "అయ్యో, మందు పెట్టేసిందిరా!" అని మొత్తుకుంటే, మీ అమ్మగారి మాటకూ చోటు దొరుకుతుంది.