ఇంట్లో రైలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఐదో తరగతి చదివే మా బాబుకు రైళ్లంటే ప్రాణం. గోడవారన ఐదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు బల్ల ఉంది. దాని మీద హెచ్‌వో సైజు బొమ్మ రైలు పట్టా గుండ్రంగా వేసి ఎక్స్‌ప్రెస్ నడపొచ్చా?
ఒక పాఠకుడు, మిర్యాలగూడ

పట్టాలు కొనకముందే అడిగారు, మంచిపని చేశారు. జాగా చాలుతుందో లేదో చెప్పేది బల్ల పొడవు కాదు, పట్టా వంపు. హెచ్‌వో అంటే అసలు రైలులో 87వ వంతు, అందులో మామూలుగా దొరికే బిగువైన వంపుకే వ్యాసార్ధం 36 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే అడ్డంగా 72, మీ బల్ల వెడల్పేమో 76. పట్టా అంచు మీదే పోతుంది, ఇంజిన్ తప్పితే నేరుగా గచ్చు మీద పడుతుంది. పైగా ఎక్స్‌ప్రెస్ రైళ్లకు ఇప్పుడు తగిలించే ఎల్‌హెచ్‌బీ పెట్టె అసలు పొడవు 23.5 మీటర్లు, బొమ్మ పెట్టె 27 సెంటీమీటర్లు అవుతుంది, అంత వంపులో దాని కొసలు బయటికి పొడుచుకొస్తాయి, చూడ్డానికి అస్సలు బాగుండదు. గుండ్రంగా తిరగాల్సిందే అంటే 160వ వంతుండే ఎన్ సైజుకు వెళ్లండి, 25 సెంటీమీటర్ల వ్యాసార్ధం వంపులు దొరుకుతాయి, మీ బల్లకు హాయిగా సరిపోతుంది.

నన్నడిగితే మాత్రం హెచ్‌వోనే ఉంచుకుని గుండ్రం వదిలేయండి, గూడ్స్ పెట్టండి. మీ ఊరి రైస్ మిల్లులు గానీ, దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ ప్లాంటు గానీ, రోజూ కళ్లముందున్నవే కదా. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ 10.7 మీటర్లే, బొమ్మలో 12 సెంటీమీటర్లు. ఒక చివర ఒకే లైను, అది రెండు పాయింట్లతో, అంటే రైలును పట్టా మార్చే జోడింపులతో, మూడు సైడింగులుగా, అంటే వ్యాగన్లు నిలిపే పక్క లైన్లుగా చీలాలి. ఒకదాంట్లో మూడు వ్యాగన్లు, మిగతా రెండింట్లో రెండేసి, ఇవతలి ఒంటి లైనులో ఇంజిన్‌తో పాటు రెండు, అంతే పట్టేలా కొలుచుకోండి. ఉన్నవి ఐదు వ్యాగన్లు. వాటి నంబర్లు చీటీల మీద రాసి బాబుతో మూడు తీయించండి, అదే వరసలో ఆ మూడింటినీ పెద్ద సైడింగులో నిలబెట్టాలి. చేత్తో ముట్టుకోకూడదు, ఇంజిన్‌తో ముందుకూ వెనక్కూ లాగుతూ నెడుతూ చేసే షంటింగ్‌తోనే జరగాలి. పిల్లలు గంటలు గంటలు కదలరు. గుండ్రంగా తిరిగే రైలును ఎంతసేపని చూస్తారు చెప్పండి!

మా పాలమూరు చెల్క మట్టి, గుండ్ల గుట్టలు, తాటిచెట్లు మా బొమ్మ రైలు లేఅవుట్‌లో ఉండాలని ఉంది. అసలు మట్టే చల్లొచ్చా?
ఒక పాఠకురాలు, జడ్చర్ల

నిక్షేపంగా చల్లొచ్చు, ఆ ఎరుపు కొన్న పొడుల్లో రానే రాదు. ఎండబెట్టి, టీ వడపోసే జాలీలో జల్లించి, ఆ తర్వాత తప్పకుండా అయస్కాంతం తిప్పండి. మట్టిలో, ఇసుకలో ఇనుప రజను ఉంటుంది, ఇంజిన్ మోటారులో ఉన్నది కూడా అయస్కాంతమే కాబట్టి ఆ రజనును లోపలికి లాక్కుని పాడవుతుంది. మట్టి చల్లాక ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, డ్రాపర్‌తో పోయండి. ఆ చుక్క లేకపోతే జిగురు ఇంకదు, పైన ముత్యాల్లా నిలబడిపోతుంది.

గుండ్లకు థర్మాకోల్ ముక్కల్ని గరుకు కాగితంతో గుండ్రంగా రుద్ది, టిష్యూ పేపరు అంటించి, బూడిద రంగు వేయండి. వాన కారిన చోట నల్లటి చారలు దించితే నిజం గుండే అనిపిస్తుంది. రంగు నీళ్లలో కలిసేదే కావాలి, స్ప్రే పెయింట్ థర్మాకోల్‌ను తినేస్తుంది.

తాటిచెట్టు మాత్రం రెడీమేడ్‌గా కొనకండి, ఎక్కువగా దొరికేవి కొబ్బరిచెట్టులా ఉంటాయి, మన తాటాకు విసనకర్రలా విచ్చుకుంటుంది. పచ్చ కాగితాన్ని మడతలు పెట్టి కత్తిరించి సన్నని వెదురు పుల్లకు అంటించండి. 15 మీటర్ల చెట్టు హెచ్‌వోలో 17 సెంటీమీటర్లు అవుతుంది. వరసగా నాటకుండా పొలం గట్ల మీద అక్కడక్కడ నిలపండి.

రైలు ఆగి ఆగి నడుస్తోంది, వేలితో తోస్తే కదులుతోంది. మోటారు పోయిందా?
ఒక పాఠకుడు, నల్లగొండ

తోస్తే కదిలిందంటే మోటారు బాగానే ఉండి ఉంటుంది, పట్టాల నుంచి చక్రాల ద్వారా దానికి కరెంటు అందడం లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బట్టతో పట్టాలు, చక్రాలు రెండూ తుడవండి. గరుకు కాగితం వాడొద్దు, గీతల్లో మురికి ఇంకా పట్టేస్తుంది. అప్పటికీ ఒకే చోట ఆగుతుంటే అక్కడి పట్టా జాయింటు వదులైనట్టే. బల్ల కింద నుంచి ఆ ముక్కకు విడిగా రెండు వైర్లు సోల్డరింగ్ చేయించండి.