ముఖం నొప్పికి గామా నైఫ్ చేయించవచ్చా? చేయించుకున్నదానిగా నా జవాబు

68 ఏళ్ల మీ అమ్మగారికి ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే ముఖానికి స్పర్శనిచ్చే త్రిధార నాడి వల్ల వచ్చే నొప్పి, ఉందనీ, మాత్రలతో నొప్పి ఆగడం లేదనీ, డాక్టరు గామా నైఫ్, అంటే తల కోయకుండా గామా కిరణాలతో చేసే చికిత్స, చేయించమంటున్నా రేడియేషన్ అనేసరికి ఇంటిల్లిపాదీ భయపడుతున్నారనీ రాశారు. నా జవాబు, చేయించండి. మీరు భయపడవలసింది రేడియేషన్‌కు కాదు. ఆ తర్వాత నొప్పి తగ్గేదాకా గడపవలసిన వారాలకు ఇల్లంతా సిద్ధపడాలి. ఆ సంగతి మాకు ఎవరూ సరిగా చెప్పలేదు కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను అనంతపురం జిల్లాలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన ఉపాధ్యాయురాలిని. త్రిధార నాడికి మూడు శాఖలుంటాయని ఏళ్ల తరబడి పిల్లలకు బొమ్మ గీసి చూపించాను. అందులో రెండో శాఖ నా కుడి బుగ్గలో ఎక్కడెక్కడ తిరుగుతుందో మాత్రం సర్వీసు చివరి రోజుల్లో తెలిసింది. ఫ్యాను గాలి తగిలినా, ముఖం కడుక్కునేటప్పుడు చెయ్యి ముక్కుపుడకకు తాకినా కరెంటు షాకు కొట్టినట్టయ్యేది. పాఠం చెప్పడానికి పెదవి కదపాలంటే భయమేసి సగం పాఠం బోర్డు మీదే రాసేదాన్ని.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ నొప్పి పై దవడలో మొదలైతే అందరూ ముందు పళ్ల డాక్టరు దగ్గరికే వెళతారు. నాకు కూడా ఏ పుచ్చూ లేని దంతాలు రెండు తీసేశారు, నొప్పి మాత్రం చెక్కు చెదరలేదు. బుగ్గ మీద గాలి తగిలితే షాకు కొడుతోందని రోగి చెప్పినప్పుడు, పన్ను పీకే ముందు న్యూరాలజిస్టు దగ్గరికి పంపడం పెద్ద పనేమీ కాదు. ఆ తర్వాత రాసిన కార్బమాజెపిన్ అనే మాత్ర మొదట్లో అద్భుతంగా పనిచేసింది. మందుల షాపులో అది ఫిట్స్ మాత్ర అని చెప్పడంతో నాకు ఫిట్స్ వస్తున్నాయని మా వీధిలో అనుకోవడం వేరే బాధ. మోతాదు పెంచుతూ పోయిన కొద్దీ నడకలో తూలు వచ్చింది, రక్తంలో సోడియం పడిపోయింది. మీ అమ్మగారు ఆ మాత్ర వాడుతూ మత్తుగా, తికమకగా ఉంటున్నారంటే అది వయసు ప్రభావమని సరిపెట్టుకోకుండా సోడియం పరీక్ష చేయించండి.

ఈ జబ్బుకు ఆపరేషన్ కూడా ఉంది. మెదడు కాండం దగ్గర నాడిని నొక్కుతున్న రక్తనాళాన్ని పక్కకు జరిపి, మధ్యలో చిన్న టెఫ్లాన్ ముక్క పెడతారు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో డాక్టర్ పీటర్ జానెట్టా దానికి పేరు తెచ్చారు. వయసు తక్కువగా ఉండి, మత్తుమందు తట్టుకోగలవారికి అదే మేలని, దాని ఫలితం ఎక్కువ కాలం నిలుస్తుందని నన్ను చూసిన న్యూరోసర్జన్ దాపరికం లేకుండా చెప్పారు. కానీ నాకు గుండెలో స్టెంటు ఉంది, రక్తం పలచబరిచే మందులు ఆపడానికి వీల్లేదు. కాబట్టి తల తెరవనవసరం లేని పద్ధతి ఎంచుకున్నాం. మీ అమ్మగారి వయసులో, బీపీ, షుగరు లాంటివి కూడా ఉంటే, నా దృష్టిలో రెండో ఆలోచన అక్కరలేదు.

అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర కనుక అక్కడే చేయించుకున్నాను. ఆ ఉదయం తలకు బిగించే ఫ్రేమును చూసి మా వారి ముఖం పాలిపోయింది. నుదుటి మీద రెండు చోట్ల, తల వెనక రెండు చోట్ల మత్తు సూదులు వేశారు. చురుక్కుమన్న మాట నిజమే కానీ, రోజుకు పదిసార్లు షాకులు తినే మనిషికి ఆ సూది ఒక లెక్కలోనిది కాదు. తర్వాత నాలుగు స్క్రూలతో ఫ్రేము బిగిస్తున్నప్పుడు తలను అన్ని వైపుల నుంచీ నొక్కుతున్నట్టు అనిపించి, కొద్దిసేపటికి ఆ ఒత్తిడి కూడా అలవాటైపోయింది. గుండు గీయలేదు, జుట్టు కత్తిరించలేదు. ఫ్రేముతోనే ఎం.ఆర్.ఐ. తీసి, డాక్టరూ ఫిజిసిస్టూ కంప్యూటరు ముందు కూర్చుని లెక్కలు వేస్తున్నంతసేపు నన్ను బయట కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ రోజు మొత్తంలో నన్ను నిజంగా ఏడిపించింది ఆ నిరీక్షణే. దాహమేసి స్ట్రాతో రెండు గుక్కలు నీళ్లు తాగగానే నొప్పి వచ్చింది. అలా వచ్చినప్పుడల్లా బుగ్గకు కొంచెం దూరంలో అరచెయ్యి అడ్డం పెట్టుకుని, గాలైనా తగలకుండా బిగుసుకుని కూర్చోవడం నా అలవాటు. ఇప్పుడు చెయ్యి ఎత్తితే ఫ్రేము కమ్మీ అడ్డం వచ్చింది. అరవడానికి నోరు తెరిస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది, తల తిప్పడానికి లేదు. ఆ ఫ్రేము లోపల చిక్కుకుని వరసగా వచ్చిన షాకులను కదలకుండా భరించాను. ఒక నర్సమ్మ అది గమనించి, "అమ్మా, ఏమీ మాట్లాడకండి, వేళ్లతో సైగ చేయండి చాలు" అని నా రెండు చేతులూ పట్టుకుని, అది పూర్తిగా తగ్గేదాకా నా ముందే మోకాళ్ల మీద కూర్చుంది. ఈ నొప్పి తెలిసినవాళ్లు పక్కన ఉండడం ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. మీ అమ్మగారితో మీరే వెళ్లండి. ఉదయం వేసుకోవలసిన మాత్ర వేసుకోవచ్చో లేదో ముందుగానే అడిగి పెట్టుకోండి.

యంత్రంలో పడుకున్న సమయం గురించి చెప్పడానికి ఏమీ లేదు. వేడి లేదు, నొప్పి లేదు, వెలుగు లేదు. గంటలోపే అయిపోయింది. ఈ యంత్రంలో కిరణాలనిచ్చే కోబాల్ట్-60 సగం క్షీణించడానికి సుమారు 5.27 ఏళ్లు పడుతుంది కనుక, కోబాల్ట్ పాతబడిన యంత్రంలో అదే మోతాదు ఇవ్వడానికి ఎక్కువసేపు పడుతుంది. పక్క రోగికి మీ అమ్మగారికంటే తక్కువ సమయం పట్టిందని కంగారు పడకండి.

రేడియేషన్ అనగానే క్యాన్సర్ వార్డు, రాలిన జుట్టు, వాంతులు గుర్తుకు రావడం సహజం. ఇక్కడ సుమారు 192 సన్నని కిరణాలు వేర్వేరు దిక్కుల నుంచి వచ్చి పెసరగింజంత చోట, అంటే దాదాపు 4 మిల్లీమీటర్ల మేర, నాడి మీద కలుస్తాయి. ఒక్కొక్క కిరణం బలహీనమైనదే. అన్నీ కలిసే ఆ బిందువు దగ్గర మాత్రం మోతాదు 70 నుంచి 90 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) దాకా ఉంటుంది. ఇది నిన్న మొన్నటి ప్రయోగమూ కాదు. స్వీడన్‌కు చెందిన లార్స్ లెక్సెల్ 1951లోనే ఈ ఆలోచనను ప్రతిపాదించారు, 1968లో స్టాక్‌హోమ్‌లో మొదటి గామా నైఫ్‌ను వాడారు. ఆయన తొలినాళ్లలో చికిత్స చేసిన జబ్బుల్లో ఈ ముఖం నొప్పి ఒకటి. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్ లాంటి ప్రభుత్వ సంస్థల్లోనూ ఈ యంత్రం ఉంది. ఖర్చు భయం ఉన్నవారు ముందు అక్కడ విచారించాలి.

అసలు పరీక్ష ఇంటికి వచ్చాక మొదలైంది. స్క్రూలు గుచ్చిన చోట్ల నొప్పి, కళ్ల చుట్టూ కొద్దిగా వాపు కొన్నాళ్లలో తగ్గిపోయాయి. ముఖం నొప్పి మాత్రం యథాతథంగా ఉంది. కిరణాలు తగిలిన నాడి నెమ్మదిగా మారుతుంది కనుక కొందరికి రోజుల్లోనే తగ్గినా, కొందరికి నెలలు పడుతుంది. ఆ లోపల పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ డబ్బు బూడిదలో పోసినట్టేనన్నారు. మా పెద్ద ఆడపడుచు అయితే మాత్రలన్నీ మానేసి పసరు వైద్యం చేయించమని మా వారి వెంట పడ్డారు. మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు, నొప్పి తగ్గిన తర్వాత డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగానే తగ్గించాలి. నాకు రెండో నెలలో షాకుల మధ్య ఎడం పెరిగింది, ఆపైన ఒక ఉదయం పళ్లు తోముకుని వచ్చి, నొప్పి రాలేదన్న సంగతి కాఫీ తాగుతుంటే గమనించాను.

ఏడాది తిరిగేసరికి పై పెదవి, బుగ్గలో కొంత భాగం మొద్దుబారాయి, ఇప్పటికీ అలాగే ఉంది. ఆ స్పర్శ పోయినందుకు నాకు చింత లేదు. అందరికీ శాశ్వతంగా నయమవుతుందని మాత్రం అనను. ఫ్రాన్సులోని మార్సెయ్‌లో దాదాపు 500 మందిని ఏళ్ల తరబడి గమనించి 2016లో ప్రచురించిన ఫలితాల్లో మొదట పదిమందిలో తొమ్మిదిమందికి నొప్పి పోయింది. పదేళ్ల తర్వాత మందులు లేకుండా నొప్పి లేనివారు సగం కంటే కొంచెం తక్కువ. తిరిగి వస్తే రెండోసారి చేయించుకునే వీలుంటుంది, అప్పుడు మొద్దుబారే అవకాశం పెరుగుతుంది. 68 ఏళ్ల మనిషికి నొప్పి లేకుండా అన్నం తినే అయిదారేళ్లు తక్కువేమీ కాదని నేను గట్టిగా నమ్ముతాను.

తేదీ తీసుకునే ముందు మీ అమ్మగారికి పేస్‌మేకర్ లాంటిదేదైనా ఉంటే ఎం.ఆర్.ఐ. తీస్తారు కనుక ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఆమె వాడే మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి. ముక్కుపుడక, మంగళసూత్రం తీయవలసి వస్తుందని ఆమెకు ఇంట్లోనే చెప్పి ఒప్పించండి. అక్కడ చివరి నిమిషంలో చెబితే పెద్దవాళ్లు బాధపడతారు.