మా హాల్లోకి ఫలక్‌నుమా వెలుగు ఎలా వస్తుంది?

ప్రశ్న: మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకి పిల్లలు హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక రాత్రికి గది బుక్ చేశారు. తిరిగొచ్చినప్పటి నుంచి మా డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూస్తే ఉసూరుమంటోంది. ఫాల్స్ సీలింగ్ వేసి షాండ్లియర్ పెడితే అచ్చం అలాగే వస్తుందని ఇంటీరియర్ చేసే అతను అంటున్నాడు, మావారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఈసారికి మీవారి మాట వినండి. ఫ్లాట్లో సీలింగ్ మహా అయితే పదడుగులు ఉంటుంది, అందులో అరడుగు ఫాల్స్ సీలింగే తినేస్తుంది, దానికింద రెండున్నర అడుగుల షాండ్లియర్ వేలాడితే చెయ్యెత్తగానే తగులుతుంది. మరి ఫ్యాన్ ఎక్కడ పెడతారు? గుంటూరు మే నెలలో ఫ్యాన్ లేని హాల్లో ఎవరూ కూర్చోలేరు.

అయినా మీ మనసు దోచుకున్నది షాండ్లియరేనా అని ఒకసారి గుర్తు చేసుకోండి. నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ప్యాలెస్ అది, తాజ్ వాళ్ళు 2010లో హోటల్‌గా తెరవడానికి ముందు పదేళ్ళ దాకా బాగుచేతలే నడిచాయి. అక్కడికి వెళ్ళినవాళ్ళంతా 101 మంది కూర్చునే డైనింగ్ టేబుల్ గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ పాలరాతి మెట్లే ఇష్టం. మెట్ల పక్క పిట్టగోడ మీద పాలరాతి బొమ్మలు దీపాలు పట్టుకుని నిలబడి ఉంటాయి కదా, ఆ వెలుగు మనిషి ఎత్తులో ఉంటుంది, ఎక్కేవాళ్ళ ముఖం మీద పక్కనుంచి పడుతుంది. మన పాత ఇళ్ళల్లో గుమ్మం పక్క గూట్లో దీపం పెట్టేవాళ్ళు, అదీ ఇంతే. ఇప్పుడు మీ హాలు చూడండి, గోడ పైన ఒకే ఒక్క ట్యూబ్‌లైటు, తెల్లగా, మూలమూలకీ ఒకేలా. పెద్ద హోటళ్ళ గదుల్లో ట్యూబ్‌లైటు అసలు కనిపించదు, మంచం పక్కన, కుర్చీ వెనక, అద్దం దగ్గర నాలుగైదు చిన్న దీపాలు ఉంటాయి, అంతే.

కాబట్టి ముందు దీపాలు మార్చండి. ట్యూబ్‌లైటు తీసెయ్యొద్దు, బియ్యం ఏరాలన్నా పిల్లలు చదువుకోవాలన్నా అది కావాలి. దానికి తోడు సోఫా పక్కన ఒక స్టాండు లైటు, టీవీ పక్క మూలలో ఒక టేబుల్ లైటు పెట్టి సాయంత్రం ఏడు దాటాక అవే వేయండి. బల్బు కొనేటప్పుడు పెట్టె మీద కెల్విన్ అంకె (వెలుగు రంగు చెప్పేది, పక్కన K అని ఉంటుంది) చూడండి, 2700 గానీ 3000 గానీ ఉంటే పసుపు వెలుగు, 6500 ఉంటే మళ్ళీ ఆ తెల్ల ట్యూబ్‌లైటు వెలుగే. కూర్చున్నప్పుడు షేడు కింద నుంచి బల్బు కంటికి కనపడకూడదు, కనపడిందంటే స్టాండు ఎత్తు తగ్గించండి. నిజంగా చెబుతున్నాను, ఒక్క రాత్రిలో తేడా తెలుస్తుంది.

తర్వాత కర్టెన్లు. మనం కిటికీ మీద నాలుగంగుళాల్లో రాడ్డు కొట్టి, కిటికీ అంచు వరకే గుడ్డ వేలాడదీస్తాం, గది పొట్టిగా కనిపించేది దానివల్లే. రాడ్డు సీలింగ్ దగ్గరికి జరపండి, గుడ్డ నేలకి ఒక్క వేలు ఎడం వదిలి దిగాలి, వెడల్పు కిటికీకి రెండింతలు ఉండాలి. మీకు మంగళగిరి పక్కనే ఉంది, అక్కడి నేత గుడ్డ సన్నంచుతో తీసుకుంటే ఏ హోటల్ కర్టెనూ దాని ముందు నిలవదు. ఒకసారి తడిపి ఆరేశాకే కుట్టించండి, లేదంటే మొదటి ఉతుకుకే నాలుగు వేళ్ళు పైకి లేస్తుంది. ఎండ పడే వైపు లోపల లైనింగ్ వేయించండి.

కార్పెట్, వాల్‌పేపర్ జోలికి మాత్రం పోకండి, మన దుమ్ముకీ చెమ్మకీ అవి నిలవవు.

ఇవి చేసి నెల రోజులు చూడండి. అప్పటికీ షాండ్లియర్ కావాలనిపిస్తే డైనింగ్ టేబుల్ మీదకి చిన్నది పెట్టించండి, టేబుల్ ఉన్నచోట ఎవరూ నడవరు కాబట్టి కిందికి దిగినా ఇబ్బంది లేదు.

ప్రశ్న: హోటల్లోలా తెల్ల దుప్పట్లు కొన్నాను, మూడు నెలలకే పసుపెక్కాయి. బ్లీచింగ్ వేస్తే ఇంకా పాడయ్యాయి. ఎందుకు?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: మీది బోరు నీళ్ళేనా? నీళ్ళలో ఇనుము ఉంటే బ్లీచింగ్ దాన్ని తుప్పుగా మార్చి గుడ్డకి పట్టిస్తుంది, అందుకే పసుపు ముదిరింది. బ్లీచింగ్ ఆపేసి, రాత్రంతా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్ళలో నానబెట్టి ఉతకండి, చాలావరకు వదులుతుంది. ఇకనుంచి మంచినీళ్ళ పంపు వచ్చే రోజే దుప్పట్లు ఉతకండి. తలనూనె రాసుకుంటారు కాబట్టి దిండుకి లోపల ఇంకో గలీబు తొడగండి, పైది రెండు రోజులకోసారి మార్చెయ్యండి.