మేక పాలు ఎగజేపుతుంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా మేక పూటకు లీటరు ఇచ్చేది. పాలు పితికే మనిషి మారినప్పటి నుంచి 700 మిల్లీలీటర్లు దాటడం లేదు. మేత, దాణా అవే. పితికాక పిల్లను వదిలితే దాని మూతి నిండా నురగే. పాలు ఎక్కడికి పోతున్నాయి?

జవాబు: ఎక్కడికీ పోలేదు, పొదుగులోనే ఉన్నాయి. పిల్ల మూతి మీది నురగే సాక్ష్యం. మేక ఎగజేపుతోంది, అంటే పాలు దిగనివ్వకుండా పొదుగులో ఆపుకుంటోంది.

పొదుగులో పాలు రెండు చోట్ల నిలుస్తాయి. కొన్ని చన్నుల పైనుండే పాలగదిలో, మిగతావి పాలు తయారయ్యే సన్నటి తిత్తుల్లో. ఆవుతో పోలిస్తే మేకకు పాలగది చాలా పెద్దది. పూట పాలలో సగానికి పైగా అక్కడే చేరతాయి. అవి మేక చేపినా (పాలు దిగనిచ్చినా) చేపకపోయినా చేతికి వస్తాయి. అందుకే బెదిరిన మేక పాలు పూర్తిగా ఆపదు. కొంత ఇచ్చి ఆగుతుంది, పితికేవారు అయిపోయాయనుకుని లేస్తారు.

తిత్తుల్లోవి దిగాలంటే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ కావాలి. పొదుగు నిమిరినా, పిల్ల కుమ్మినా ఇది పిట్యూటరీ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చి తిత్తుల చుట్టూ ఉన్న కండర కణాలను బిగిస్తుంది. భయం పుడితే ఈ విడుదలే తగ్గుతుంది. పైగా భయంలో పుట్టే ఎడ్రినలిన్ అనే హార్మోన్ పొదుగు రక్తనాళాలను కుదిస్తుంది కాబట్టి వచ్చిన కాస్త ఆక్సిటోసిన్ కూడా తిత్తులకు సరిగా అందదు.

కొత్త మనిషిని నాలుగైదు రోజులు పాత మనిషి పక్కనే నిలబెట్టి, దాణా కొత్త మనిషి చేతే పెట్టించండి. చోటు, వేళ, మేకల వరుస మారకూడదు. పొదుగు తుడిచి ఆరనిచ్చి, మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలోకి తీసి గడ్డలు, రంగు తేడా ఉన్నాయేమో చూడాలి. ఇదంతా అర నిమిషం నుంచి నిమిషం. ఇదే చేపుకు రప్పించే పని కూడా. ఆ వెంటనే మొదలుపెట్టి ఐదు నిమిషాల లోపు ముగించాలి, ఎందుకంటే ఆక్సిటోసిన్ రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది. మొదలుపెట్టాక గడ్డి వెయ్యడానికి లేచారంటే చేపు వృథా అయినట్టే. ధార సన్నబడ్డాక పిల్ల కుమ్మినట్టు పొదుగును కింది నుంచి మెల్లగా రెండు మూడుసార్లు ఎత్తి మళ్లీ పితకండి. చన్ను పట్టి కిందికి లాగకూడదు. బొటనవేలు, చూపుడువేలు పైన బిగించి మిగతా వేళ్లు వరుసగా ముడవాలి. చన్ను లాగిన నొప్పి ఒక్కటే చాలు మర్నాడు మేక ఎగజేపడానికి.

ఆలస్యం చేయకండి. మిగిలిన పాలు పేరుకున్న కొద్దీ తిత్తులు తయారీనే తగ్గిస్తాయి. ఇప్పుడు దాచుకుంటున్న 300 మిల్లీలీటర్లు కొన్ని వారాలు గడిస్తే నిజంగానే పోతాయి.

ప్రశ్న: చేపడానికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చా?

జవాబు: రోజూ వద్దు. భయం అలాగే ఉంటుంది, సూది దానికి తోడవుతుంది, కొన్నాళ్లకు సూది లేనిదే చేపని అలవాటు పడుతుంది. మాయ పడకపోవడం వంటి వాటికి పశువైద్యుడు నిర్ణయించి ఇవ్వాల్సిన మందు ఇది.

ప్రశ్న: మూడు పాడి మేకల్ని వేరే మందలో కలిపాం. పితికేటప్పుడు బెదురు లేదు, పిల్లలకూ పాలు మిగలడం లేదు. అయినా పది రోజులుగా పాలు తక్కువే. కార్టిసాల్ పరీక్ష చేయించాలా?

జవాబు: ఇది ఎగజేపడం కాదు, తయారీయే తగ్గింది. రెంటికీ మందు ఒకటి కాదు.

ఎడ్రినలిన్ నిమిషాల వ్యవహారం, ఒత్తిడిలో పెరిగే హార్మోన్ కార్టిసాల్ గంటలు, రోజులది. అది శత్రువేమీ కాదు. ఈనే వేళ పాలు పుట్టడానికి అది కావాలి, పితికేటప్పుడూ కాస్త పెరుగుతుంది. ఎడతెగకుండా ఎక్కువగా ఉంటేనే చిక్కు. పాలలోని ప్లాస్మిన్ అనే ఎంజైమును అది చురుకు చేస్తుంది, ప్లాస్మిన్ బీటా కేసిన్ అనే పాల మాంసకృత్తును ముక్కలు చేస్తుంది, అందులో ఒక ముక్క తిత్తుల పనిని నెమ్మదింపజేస్తుంది. పరీక్షకు డబ్బు పెట్టకండి. మేకను పట్టుకుని సూది గుచ్చేసరికే కార్టిసాల్ పెరుగుతుంది, ఆ అంకెను బట్టి తేల్చేదేమీ ఉండదు.

దానికి బదులు మేత వేళ ఒక అరగంట దూరంగా నిలబడి చూడండి. కొత్త మేకల్ని పాతవి గాడి దగ్గర కుమ్మి తరిమేస్తుంటాయి. ఒక్కో మేకకు కనీసం 40 సెంటీమీటర్ల గాడి చోటు, కొమ్ములున్నవాటికి ఇంకా ఎక్కువ ఉండాలి. గాడిని రెండు చోట్లకు విడదీయండి. నీళ్ల తొట్లూ రెండు పెట్టండి, ఒకదాన్ని బలమైన మేక కాపలా కాస్తే రెండోది మిగతావాటికి దక్కుతుంది. పాలలో 87 శాతం నీరే కాబట్టి దాహంతో ఉన్న మేక మేత తిన్నా పాలివ్వలేదు. ఆ మూడింటినీ విడదీయకండి, ఒంటరితనం మేకకు కుమ్ములాటను మించిన దిగులు. చోటు సరిచేసిన వారానికీ పాలు పెరగకపోయినా, ఒకే మేక తగ్గినా, పొదుగు ఒకవైపు వేడిగా, గట్టిగా ఉన్నా పొదుగువాపు పరీక్ష చేయించండి.