ఎగరకుండానే దేశాలు దాటే తెల్లదోమ

ప్రశ్న: కొనేటప్పుడు పాయిన్‌సెట్టియా (ఎర్రని ఆకుల అలంకరణ మొక్క) మీద ఒక్క పురుగూ కనిపించలేదు. కొన్ని వారాలకే పక్కనున్న మందార, టమాటా మొక్కలకు తెల్లదోమ పట్టింది. అలంకరణ మొక్కల వ్యాపారమే ఈ పురుగును దేశదేశాలకు చేరవేస్తోందన్న మాట నిజమేనా? ఘాటైన మందు కొడితే పోతుందా?

జవాబు: ఆ మాట చాలావరకు నిజమే. మీకు పురుగు కనిపించకపోవడమూ వింతేమీ కాదు, ఎందుకంటే తెల్లదోమ దూరప్రయాణం చేసేది రెక్కల మీద కాదు, ఆకు అడుగున అతుక్కుని. తల్లి పురుగు గుడ్డును చిన్న కాడతో ఆకులోకి గుచ్చి నిలబెడుతుంది. అందులోంచి వచ్చిన పిల్ల పురుగు కాస్త దూరం పాకి, ఒకచోట నోటిసూదిని ఆకులోకి దించాక రెక్కలు వచ్చేవరకు అక్కడే ఉండిపోతుంది. మిల్లీమీటరుకన్నా చిన్నగా, లేత పసుపు పొలుసులా ఉండే ఆ దశను పైనుంచి చూసి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. వెచ్చని చోట గుడ్డు నుంచి రెక్కల పురుగు రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది కనుక మీరు చెప్పిన గడువు లెక్కకు సరిపోతుంది.

పాయిన్‌సెట్టియాకు ఈ విషయంలో పాత చరిత్రే ఉంది. బెమిసియా టబాసి అనే తెల్లదోమలో బి రకం 1986లో ఫ్లోరిడాలో ఈ మొక్కల మీదే విజృంభించి, కొన్నేళ్లలో అమెరికా కూరగాయ, పత్తి పొలాలను ముంచెత్తింది. మందులకు మరింత మొండి అయిన క్యూ రకం కూడా ఆ దేశంలో మొదట దొరికింది 2004 చివర, అరిజోనాలో అమ్మకానికి పెట్టిన పాయిన్‌సెట్టియా మీదే. మర్రి, రావి జాతి (ఫైకస్) మొక్కలను పట్టే, ఆసియాకు చెందిన ఫైకస్ తెల్లదోమ 2007లో ఫ్లోరిడాలో బయటపడి, అక్కడి ఫైకస్ కంచెల ఆకులను రాల్చివేసింది.

ఘాటైన మందు గురించి మాత్రం నా అభిప్రాయం మీ ఆశకు విరుద్ధం. అమ్మకానికి ముందు మొక్క మచ్చలేకుండా కనిపించాలని పదేపదే మందు కొట్టినచోట బతికి బయటపడేవి ఆ మందుకు లొంగని పురుగులే; మొక్కతోపాటు కొనుగోలుదారుకు అందేదీ ఆ సంతతే. మళ్లీ అదే తరహా మందు కొడితే సహజ శత్రువులు చస్తాయి, తెల్లదోమ మిగులుతుంది. దాని బదులు వేపనూనెనో, మొక్కల కోసం తయారైన సబ్బు ద్రావణాన్నో ఆకు అడుగున పూర్తిగా తడిసేలా వారానికోసారి పిచికారీ చేయండి. తగలని పురుగు చావదు, గుడ్లు చాలావరకు తప్పించుకుంటాయి. పసుపు జిగురు అట్టలు రెక్కల పురుగులనే పట్టగలవు కాబట్టి వాటిని ఉనికి తెలిపే సాధనంగానే చూడాలి. గ్రీన్‌హౌస్ తెల్లదోమ అనే మరో జాతి పిల్ల పురుగుల పొలుసులు కొన్ని నల్లబడి ఉంటే తుడిచివేయకండి: ఎన్‌కార్సియా ఫార్మోసా అనే చిన్న కందిరీగ వాటిలో గుడ్డు పెట్టిన గుర్తు అది. ఆకుల పైన, తెల్లదోమ విసర్జించే జిగట తేనెబంక మీద పెరిగే మసి బూజు వేరు, దాన్ని కడిగేయవచ్చు.

టమాటాను ప్రత్యేకంగా గమనించండి. బెమిసియా ఆకుముడత వైరస్‌ను మోసుకురాగలదు. కొత్త ఆకులు చిన్నవై, అంచులు పసుపెక్కి పైకి ముడుచుకుంటే ఆ మొక్కకు చికిత్స లేదు; దోమలు ఎగిరిపోకుండా సంచితో కప్పి పీకేయండి. ఇకపై కొనే ప్రతి మొక్కనూ నాలుగు వారాలు విడిగా ఉంచి, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో ముదురాకుల అడుగు భాగాన్ని చూశాకే మిగతావాటితో కలపండి.