భుజం ఓర్చుకుంటుంది, కనుబొమ ఓర్చుకోదు

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: అన్నగారూ, నేను మిస్సోరీలో ఉంటాను. ఆఫీసు ఫ్రెండ్స్‌తో కలిసి రెండేళ్లుగా వసంతకాలం టర్కీ కోళ్ల వేటకి వెళ్తున్నాను. నాది ఏడు పౌండ్ల 12 గేజ్ పంప్ షాట్‌గన్ (ఒకేసారి బోలెడు చిన్న గుళ్లు చిమ్మే తుపాకీ), మూడున్నర అంగుళాల షెల్స్ (తూటాలు) వాడతాను. పైన 3-9 రైఫిల్ స్కోప్ (మూడు నుంచి తొమ్మిదింతలు పెద్దగా చూపే గురి దుర్భిణి) పెట్టించాను. మొన్న చెట్టుకి ఆనుకుని కూర్చుని కాల్చితే స్కోప్ వచ్చి కనుబొమకి కొట్టింది, రక్తం కారింది. పుంజు ఇరవై గజాల్లోనే ఉన్నా తప్పిపోయింది. ఇప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పెడితే చాలు, కళ్లు వాటంతట అవే మూసుకుపోతున్నాయి. ఇంకా గట్టిగా పట్టుకోవాలా? నాలుగు పెట్టెలు కాలిస్తే అలవాటైపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు.

జవాబు: ఆ నాలుగు పెట్టెలు కాల్చకండి. తుపాకీ తన్నుకి ఒళ్లు అలవాటు పడదు, భయమే అలవాటవుతుంది. మీకు ఇప్పటికే మొదలైంది కూడా. తప్పు మీ ధైర్యంలో లేదు, మీరు వాడుతున్న సరంజామాలో ఉంది.

లెక్క చూడండి. మూడున్నర అంగుళాల షెల్‌లో రెండు ఔన్సులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే గుళ్లుంటాయి. మీ తుపాకీ బరువుకి అది సుమారు 60 అడుగు-పౌండ్ల శక్తితో వెనక్కి తంతుంది. జింకల వేటకి వాడే .30-06 రైఫిల్ తన్నేది 20కి అటూఇటూ, క్లే టార్గెట్లకి వాడే తేలికపాటి షెల్ కూడా దాదాపు అంతే. అంటే జింక రైఫిల్‌కి మూడింతల దెబ్బ తినే చోట, రైఫిల్ కోసం చేసిన స్కోప్‌ని కంటికి మూడు అంగుళాల దూరంలో పెట్టుకున్నారు.

ఇక చెట్టు సంగతి, అసలు కిటుకు ఇక్కడే ఉంది. నిలబడి కాల్చినప్పుడు నడుము, మోకాళ్లు, భుజం అన్నీ కాస్త కాస్త వెనక్కి కదిలి ఆ దెబ్బని పంచుకుంటాయి. చెట్టు మొదట్లో కూర్చుంటే వీపు వెనక్కి పోవడానికి చోటుండదు, మొత్తం దెబ్బ భుజమే తినాలి. దానికి తోడు తుపాకీ మోకాలి మీద పెట్టుకుని అరగంట, గంట ఎదురుచూస్తాం, పుంజు అరుపు దగ్గరికి వచ్చేకొద్దీ మనకి తెలియకుండానే మెడ ముందుకి సాగుతుంది. పన్నెండేళ్ల కిందట నాకూ సరిగ్గా ఇలాగే తెగింది, ఎడమవైపు రావాల్సిన పుంజు కుడివైపు నుంచి వచ్చింది, నడుము తిప్పేసరికి తుపాకీ మడమ (భుజానికి ఆనే వెనక చివర) భుజం గుంటలోంచి జారి దండచేతి మీదకి వచ్చింది, తల వంగి స్కోప్‌కి ఆనినంత పనైంది. మూడు కుట్లు పడ్డాయి. గట్టిగా పట్టుకునే ఉన్నాను, అయినా తప్పలేదు, ఎందుకంటే మడమ ఆనాల్సిన చోట ఆనలేదు.

అందుకే కుడిచేతి వాటం వాళ్లు ఎడమ భుజం పుంజు వచ్చే దిక్కుకి పెట్టి కూర్చోవాలి. అప్పుడు తుపాకీని ఎడమకీ తిప్పొచ్చు, కుడికీ కొంత తిప్పొచ్చు, మడమ భుజం గుంటలోంచి కదలదు. వీపుని చెట్టుకి అదిమిపెట్టకుండా కాస్త ముందుకి వంగి ఉంటే భుజానికి వెనక్కి పోవడానికి రెండు మూడు అంగుళాలైనా చోటు దొరుకుతుంది.

ఆ 3-9 స్కోప్ తీసెయ్యండి. నలభై గజాల లోపు కొట్టే పక్షికి తొమ్మిదింతలు పెద్దది చేసి చూపించే అద్దం అక్కర్లేదు, పైగా పవర్ పెంచేకొద్దీ చాలా స్కోపుల్లో కన్ను ఇంకా దగ్గర పెట్టాల్సి వస్తుంది. స్కోపే కావాలంటే షాట్‌గన్ కోసం చేసిన తక్కువ పవర్‌ది, కన్ను నాలుగు అంగుళాలు, వీలైతే అంతకంటే దూరంలో ఉన్నా నిండుగా కనిపించేది కొనండి. నన్నడిగితే అద్దంలో ఎర్ర చుక్కతో గురి చూపించే రెడ్ డాట్ మేలు, కన్ను ఎంత దూరంలో ఉన్నా చుక్క కనిపిస్తుంది, ముఖానికి తగిలే గొట్టమే ఉండదు.

ఏది పెట్టినా బిగించే ముందు ఒక పని చేయండి. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, వేటకి వేసుకునే జాకెట్టే వేసుకుని, నేల మీద గోడకి ఆనుకుని కూర్చోండి. కళ్లు మూసుకుని తుపాకీ భుజానికి ఎత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. మెడ చాచకుండా అద్దం నిండుగా కనిపించాలి. కనిపించకపోతే జరపాల్సింది స్కోప్‌ని, మెడని కాదు. షాపులో నిలబడి చూసుకుని బిగించుకోవడం వల్లే చాలామందికి ఈ దెబ్బ తగులుతుంది. ఇంకో సంగతి, స్కోప్ ఎత్తులో ఉంటుంది కాబట్టి చెంప స్టాక్ (తుపాకీ వెనక భాగం) మీద ఆనక గాల్లో తేలుతుంది, తుపాకీ లేచినప్పుడు చెంప ఎముకని కొడుతుంది. స్టాక్ మీద పట్టీతో కట్టుకునే మెత్తటి దిండు లాంటిది దొరుకుతుంది, అది వేసి ఎత్తు సరిచేసుకోండి.

షెల్స్ మూడు అంగుళాలవి చాలు. నమ్మకం కుదరకపోతే నలభై గజాల్లో కాగితం పెట్టి పది అంగుళాల వృత్తం గీసి కాల్చండి, అందులో వంద గుళ్లు పడితే చాలని వేటగాళ్ల పాత లెక్క. అంతకంటే తక్కువ పడితే దగ్గరికి రానిచ్చి కొట్టండి. ఇరవై గజాల్లో ఎలా తప్పిందంటారా, టర్కీ చోక్ (గొట్టం కొనకి బిగించే సన్నటి మూతి) వేస్తే ఆ దూరంలో గుళ్లు ఇంకా విచ్చుకోవు, ఒక్క గుత్తిగా పోతాయి. ట్రిగ్గర్ లాగే క్షణంలో కన్ను మూసి తల ఎత్తారు, ఆ గుత్తి పుంజు తల మీదుగా పోయుంటుంది.

ఆ భయం వదలాలంటే నెల రోజులు పెద్ద షెల్స్ ముట్టుకోకండి. రెండు ముప్పావు అంగుళాల తేలికవి తీసుకుని రేంజ్‌కి (కాల్పుల సాధన చేసే చోటికి) వెళ్లండి. చెవుల్లో ప్లగ్స్ పెట్టి పైన మఫ్స్ కూడా పెట్టుకోండి, ఎందుకంటే ఉలికిపాటులో సగం ఆ చప్పుడు వల్లే. షెల్స్ మధ్య మీకు తెలియకుండా ఒక డమ్మీ (పేలని) షెల్ పెట్టమని ఫ్రెండ్‌కి చెప్పండి. అది వచ్చినప్పుడు టిక్‌మని చప్పుడు తప్ప ఏమీ ఉండదు, అప్పుడు గొట్టం కొన కిందికి ఊగిందంటే భయం ఇంకా పోలేదన్నమాట. ఊగడం ఆగాక చివర్లో రెండు మూడు వేట షెల్స్ మాత్రం కాల్చి గురి సరిచూసుకోండి, ఎందుకంటే తేలిక షెల్స్, బరువు షెల్స్ ఒకే చోట తగలవు.

తన్ను తగ్గాలంటే మడమకి మంచి రికాయిల్ ప్యాడ్ (మెత్తటి దిమ్మ) వేయించుకోండి, వీలైతే గ్యాస్‌తో పనిచేసే సెమీ ఆటోమేటిక్‌కి మారండి. తుపాకీకి ఒక పౌండు బరువు పెంచినా తన్నులో ఎనిమిదో వంతు తగ్గుతుంది. మౌంట్ స్క్రూలు కూడా ఈ దెబ్బలకి వదులవుతాయి. స్క్రూ మీంచి మౌంట్ మీదకి గోళ్ల రంగుతో సన్నటి గీత గీసి పెట్టండి, గీత విడిపోతే స్క్రూ తిరిగిందని తెలుస్తుంది.

ప్రశ్న: అన్నయ్యా, నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. మావారి 12 గేజ్ ఎత్తితే మడమ చంకలో ఇరుక్కుంటోంది. టెక్సస్‌లో టర్కీకి 20 గేజ్ (12 కంటే సన్నటి గొట్టం) సరిపోతుందా?

జవాబు: సరిపోతుందమ్మా, మీరు అదే తీసుకోండి. టంగ్‌స్టన్ సూపర్ షాట్ అని సీసం కంటే బరువైన లోహపు గుళ్లు వస్తున్నాయి, సీసం సాంద్రత 11 అయితే దానిది 18. అందుకే గుండు చిన్నదైనా లోపలికి బాగా దిగుతుంది, ఔన్సున్నర వేసినా చాలు. తన్ను కూడా పైన చెప్పిన 12 గేజ్‌లో దాదాపు సగమే. ధర మాత్రం ఎక్కువ, కాబట్టి ప్రాక్టీసుకి మామూలు సీసం షెల్స్ వాడండి. మామూలు స్టాకులు 14 అంగుళాలు దాటి ఉంటాయి, మీకు 13 లోపు ఉండే చిన్న మోడల్ చూడండి. అయితే రెండు జాగ్రత్తలు. మరీ తేలిక తుపాకీ కొనకండి, తేలికైనకొద్దీ ఎక్కువ తంతుంది. స్టాక్ పొట్టిదైతే ముఖం స్కోప్‌కి దగ్గరవుతుంది, కాబట్టి స్టాక్ కోయించిన ప్రతిసారీ స్కోప్‌ని ముందుకి జరిపి మళ్లీ బిగించాల్సిందే. మావారి స్కోప్‌నే తీసి పెట్టుకుంటానంటే మాత్రం వద్దమ్మా, రెడ్ డాట్ పెట్టించుకోండి.

ప్రశ్న: నేను హెచ్1బీ మీద ఉన్నాను. ఫ్రెండ్ తుపాకీతో రేంజ్‌లో ప్రాక్టీస్ చేయొచ్చా?

జవాబు: ముందు హంటింగ్ లైసెన్స్ తీసుకోండి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ షెల్స్ గానీ దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం, అది ఫ్రెండ్‌దైనా సరే. ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. లైసెన్స్ కోసం మిస్సోరీలో 1967 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లు, టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. కోర్సు చేయండి, లైసెన్స్ తీసుకోండి, రేంజ్‌కి వెళ్లే రోజు కూడా అది జేబులో ఉండాలి. గడువు తీరే తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఆ తేదీ దాటాక ఫ్రెండ్ తుపాకీ పట్టుకోమని ఇచ్చినా పట్టుకోకండి.