తల సాగితే తప్పు చేతిదేనా?

ప్రశ్న: డ్రాయింగ్ ట్యాబ్లెట్ కొని మూడు నెలలైంది. కాగితం మీద తల బాగానే కుదురుతుంది. ట్యాబ్లెట్ మీద గీస్తే ప్రతి మొహమూ గుమ్మడికాయలా అడ్డంగా సాగుతోంది. సాధన చాలడం లేదా? (కొర్లగుంట, తిరుపతి)

సాధన సంగతి తర్వాత. పోర్ట్రెయిట్లు వేసేవాళ్ల నుంచి ఎప్పుడూ వచ్చే ఫిర్యాదే ఇది. కాగితం మీద కుదిరిన తల ట్యాబ్లెట్ మీద కుదరలేదంటే ముందు ట్యాబ్లెట్‌నే అనుమానించాలి. స్క్రీన్ లేని ట్యాబ్లెట్లలో చాలావాటికి పెన్ను తిరిగే భాగం వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:10. మానిటర్ 16:9. డ్రైవర్, అంటే ట్యాబ్లెట్‌ని కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్, ఆ పలకను తెర మొత్తానికీ సాగదీసి అతికిస్తుంది. మీరు గుండ్రంగా గీసిన పుర్రె తెర మీద 11 శాతం వెడల్పవుతుంది. రెండో మానిటర్ కూడా తగిలించి, రెండింటికీ కలిపి మ్యాపింగ్ (పలకను తెరకు జతచేసే అమరిక) ఉంటే ఆ వెడల్పు రెట్టింపు దాటుతుంది.

పరీక్ష సులభం. పచ్చడి డబ్బా ప్లాస్టిక్ మూత పలక మీద పెట్టి అంచు వెంట పెన్నుతో చుట్టూ గీయండి. స్టీలు గ్లాసు వద్దు, లోహం పెన్ను సంకేతాన్ని చెడగొట్టొచ్చు. తెర మీద స్కేలు పెట్టి అడ్డం, నిలువు కొలవండి. తేడా ఉంటే డ్రైవర్ సెట్టింగ్స్‌లో మ్యాపింగ్‌కి వెళ్లి ఒక్క మానిటర్‌నే ఎంచుకుని, 'ఫోర్స్ ప్రపోర్షన్స్' లాంటి పేరున్న గడిలో టిక్ పెట్టండి. పది అంగుళాల పలకలో అర అంగుళం పైచిలుకు కింద ఖాళీగా పోతుంది, పోనివ్వండి. డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక మళ్లీ మూత పరీక్ష చేయండి. వాడేవాడు పెట్టుకున్న సెట్టింగ్‌ని చెప్పాపెట్టకుండా తుడిచేసే అప్‌డేట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

స్క్రీన్ ఉన్న ట్యాబ్లెట్ వాడేవాళ్ల జబ్బు వేరు. బల్ల మీద చదునుగా పెట్టి గీస్తే పైభాగం కంటికి దూరమై కుదించుకుపోయి కనిపిస్తుంది. దాన్ని సరిచేయబోయి నుదురు సాగదీస్తారు. స్టాండు ఎత్తి, తెర కంటిచూపుకు నిటారుగా పెట్టుకోండి.

ప్రశ్న: అక్క ఫోన్‌లో తీసిన సెల్ఫీ చూసి ఉన్నదున్నట్టు గీశాను. ముక్కు లావు, చెవులు మాయం. అమ్మ గుర్తుపట్టలేదు. (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

ఉన్నదున్నట్టు గీయడమే కొంప ముంచింది. ముక్కు కొసకీ చెవికీ మధ్య లోతు సుమారు 12 సెంటీమీటర్లు. ఫోన్ ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవికి 42 అన్నమాట. అంటే చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దగా పడుతుంది. అదే మీటరున్నర వెనక్కి జరిగి తీస్తే ఆ తేడా 8 శాతమే. వెనక కెమెరా, 2ఎక్స్ జూమ్, లెన్సు కంటి ఎత్తులో: ఇవి చాలు.

ఇక బ్యూటీ మోడ్. చాలా ఫోన్లలో అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. దవడ చెక్కేస్తుంది, కళ్లు పెద్దవి చేస్తుంది, చామనఛాయ మనిషికి సున్నం కొడుతుంది. ఒక మనిషి మొహం ఎలా ఉండాలో ఫోన్‌కి ఎవరు చెప్పారు? ఆఫ్ చేసినా కొన్ని ఫోన్లలో పోర్ట్రెయిట్ మోడ్‌లో దానికి వేరే స్విచ్ ఉంటుంది, వీడియోలో ఇంకొకటి. పెళ్లి ఆల్బమ్ నుంచి సర్టిఫికెట్ ఫొటో దాకా ఎవరి మొహమూ వాళ్లది కాకుండా పోతోంది. పోలిక పట్టాలనుకునేవాడికి ఇంతకు మించిన శత్రువు లేదు.

ప్రశ్న: బొమ్మ ప్రింట్ తీస్తే మొహం పొడుగైంది. (పలమనేరు)

4:3 బొమ్మను ఏ4 కాగితం నిండా సాగదీస్తే నిలువు 6 శాతం పెరుగుతుంది. 'ఫిట్' ఎంచుకోండి, అంచుల్లో తెలుపు మిగలనివ్వండి.

ప్రశ్న: కస్టమర్ ఫొటో ఇస్తే తల కొలతల గీతలు వేసిచ్చే యాప్ ఏపీకే (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఫైలు) టెలిగ్రామ్‌లో దొరికింది. యాక్సెసిబిలిటీ ఆన్ చేయమంటోంది. చేయొచ్చా? (తిరుచానూరు రోడ్డు, తిరుపతి)

వద్దు. గీతలు వేసే యాప్‌కి యాక్సెసిబిలిటీతో పనేంటి? ఆ ఒక్క అనుమతి ఇస్తే అది మీ తెర మీది అక్షరాలు చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఎస్సెమ్మెస్, నోటిఫికేషన్ల అనుమతి కూడా తోడైతే ఓటీపీ వాళ్ల చేతిలోనే. ఇప్పటికే ఆన్ చేసి ఉంటే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ జాబితాల్లోంచి దాన్ని తీసేశాకే అన్‌ఇన్‌స్టాల్ చేయండి, లేకపోతే మొండికేస్తుంది. బ్యాంకు పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. పైగా ఆ ఫొటోలు మీవి కావు. కస్టమర్ నమ్మి ఇచ్చిన పిల్లల ఫొటో, అందులో లొకేషన్ దాగి ఉంటే దానితో సహా, ఎవరి సర్వర్‌కో చేరొచ్చు.

గీతల లేయర్ (బొమ్మ మీద పరిచే పారదర్శకమైన పొర) మీరే ఒకసారి చేసి పెట్టుకోండి. తల ఎత్తు 14 సెంటీమీటర్లనుకుంటే, నడినెత్తి నుంచి కిందికి 2 దగ్గర జుట్టు మొదలు, 6 దగ్గర కనుబొమ, 7 దగ్గర కన్ను, 10 దగ్గర ముక్కు అడుగు, 11.3 దగ్గర పెదవుల మధ్య గీత, 14 దగ్గర గడ్డం. వెడల్పు 10, అంటే అయిదు కళ్ల వెడల్పు. చెవి 6 నుంచి 10 దాకా. శిల్పుల నవతాళంలోనూ, అంటే ముఖానికి తొమ్మిది రెట్ల ఎత్తుండే విగ్రహాల కొలతలోనూ, 108 అంగుళాల (ఇంచీలు కావు, శిల్పుల కొలత) విగ్రహానికి ముఖం 12, అందులో మూడు సమభాగాలు. కానీ అది జుట్టు మొదలు నుంచి లెక్క. అది తల మొత్తమనుకుని సగంలో కళ్లు పెడితే కళ్లు ముక్కు మీదికి దిగుతాయి. తల కొలత వదిలేసి జుట్టునే నమ్మితే నెత్తి చదునవుతుంది. అనుమానముంటే అలిపిరి దగ్గర అరగంట నిలబడండి. గుండు చేయించుకుని దిగొచ్చేవాళ్లలో కంటిపైన ఎంత తల ఉందో, కిందా అంతే కనిపిస్తుంది.

పసిపిల్లల ఫొటోకి ఇదే లేయర్ వాడకండి, వాళ్ల కళ్లు సగానికి కిందే ఉంటాయి. ఆ గుండ్లలో వాళ్లవీ ఉంటాయి, పోల్చి చూసుకుని వేరే లేయర్ చేసుకోండి.